తెగిన టేపు, తగ్గిన మీటరు

పెరడు ఖాళీగానే ఉంది కదా, వెనకాల ఒక గది, చిన్న వంటిల్లు, బాత్రూం వేస్తే మేమిద్దరం అందులో పడి ఉంటాం అన్నాడు నాయన. పడి ఉంటామన్నది ఆయన, పడింది నేను.

మాది కావలి. మన స్థలంలో మన గది, దీనికి పర్మిషన్ ఏందబ్బా అనుకుంటూనే ప్లాన్లు గీసే లైసెన్సున్న కుర్రాడి (ఎల్‌టీపీ అంటారు) దగ్గరికి పోయాను. అతను ఇళ్లు కట్టే రూల్సున్న 2017 నాటి 119 జీవో తీసి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలనేది స్థలం ఎంత, ముందు రోడ్డు వెడల్పు ఎంత, కట్టే ఎత్తు ఎంత అనేవి చూస్తే గానీ తేలదన్నాడు. పైగా పెరట్లో గది ఒక్కటే గీస్తే కుదరదట, పాత ఇల్లు కూడా చూపించాలి. పాత ఇల్లంటే నేను ఎప్పుడో ప్రహరీకి ఆనించి వేసిన రేకుల బాత్రూంతో సహా. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

"స్థలం ఎంత సార్?"

"36 అంకణాలు."

మా జిల్లాలో అంకణమంటే 72 చదరపు అడుగులు, ఎకరాకి 605. ఆన్‌లైన్‌లో మాత్రం మీటర్లే వేయాలంటూ అతను లెక్కగట్టి 240.8 అన్నాడు. ఒంగోలు నుంచి ఫోన్లో మా బావ 288 గజాలన్నాడు, మేస్త్రి 2592 అడుగులన్నాడు. అంతా విన్న నాయన, "36 ఉన్నది 2592 అయిందంటే ఇంకో గది కూడా వేద్దాంరా" అన్నాడు.

ఎట్లాగో పర్మిషన్ వచ్చింది. వెనక వైపు మీటరు వదలాలని ప్లాన్‌లో ఉంది. ముగ్గు పోసే రోజున మేస్త్రి కందుకూరులో పెళ్లికి పోతూ కొడుకుని పంపాడు, చేతిలో టేపు పెట్టి. ఆ టేపు సంగతి చెప్పాలి. దాని కొస కొక్కెం ఎప్పుడో తెగిపోయింది, దాంతో పాటు మొదటి అడుగు కూడా. అంటే అది 13వ అంగుళంతో మొదలవుతుంది. మేస్త్రి ఇన్నేళ్లుగా ఆ అడుగుని మనసులో కలుపుకుంటూ ఇళ్లు కట్టేస్తున్నాడు. కొడుక్కి టేపు ఇచ్చాడు గానీ ఆ అడుగు ఇవ్వలేదు.

"మీటరంటే మూడడుగుల మూడంగుళాలు సార్, ఇంకో అంగుళం ఎక్కువే వదిలా" అని కుర్రాడు గర్వంగా చెప్పాడు. సాయంత్రానికి పునాది తవ్వేశారు. మర్నాడు పొద్దున్నే అమ్మ బిందె చంకనేసుకుని ఆ సందులోకి దూరింది. బిందె ప్రహరీ గోడకి ఖంగున కొట్టుకుని చీరంతా తడిసింది. "ఇది మీటరా, మీ మొహమా!" నేను కొత్త టేపు తెచ్చి కొలిస్తే రెండడుగుల నాలుగంగుళాలు.

"కొత్త టేపు కొనొచ్చు కదయ్యా" అన్నాను మేస్త్రి రాగానే.

"చేతికి అలవాటైపోయింది సార్. కొత్తదైతే లెక్క తప్పుద్ది."

ఆ రాత్రే వాయుగుండం. రెండు రోజులు ఎడతెగని వాన. గుంత నిండి కప్పలు కచేరీ పెట్టాయి. మేస్త్రి గొడుగేసుకుని వచ్చి చాలాసేపు నీళ్ల వంక చూసి, "ప్లాన్‌లో ఇంకుడు గుంట కూడా ఉండాది కదా సార్. అది తవ్వేశామనుకుందాం" అన్నాడు.

కిటికీలోంచి నాయన కేకేశాడు: "ఎన్ని అంకణాలు నిండిందిరా?"