మా వీధిలో తప్పిపోయిన 60 మీటర్లు

ముందే చెప్పేస్తున్నాను, ఈ గొడవలో నేను కౌన్సిల్ పక్షం. అందరూ మునిసిపాలిటీని తిట్టేవాళ్లే అయితే దాని తరఫున మాట్లాడేదెవరు? కాంట్రాక్టర్లు తప్ప పాపం దానికి ఎవరున్నారు?

అసలు మూలం మా వీధి చివరింటి లెక్కల మాస్టారు. రిటైరై ఏడేళ్లయింది గానీ లెక్కలు ఆయన్ని వదల్లేదు. ఆమధ్య మా వీధికి సీసీ రోడ్డు వేశారు. బిల్లు పాసయ్యాక వీధి మొదట్లో బోర్డు కూడా పెట్టారు: పొడవు 180 మీటర్లు. మామూలు మనిషైతే ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగుతాడు. మాస్టారు టేపు తెచ్చారు. ఒక కొస నాకిచ్చి, రెండో కొస ఆయన పట్టుకుని, 30 మీటర్ల టేపు వరసగా నాలుగుసార్లు పరిచారు. నాలుగోసారి టేపు అయిపోయేసరికి ఆయన ప్రహరీగోడ అడ్డమొచ్చింది. 120. గోడ అవతల ఉన్నది మాస్టారి వరండా, హాలు, వంటిల్లు.

"మిగతా 60 ఏవండీ?" అన్నారు, అవి నా జేబులో ఉన్నట్టు నా వైపు చూసి.

ఇక్కడే ఆయన తప్పు చేశారు. చూసుకున్నవాడు ఊరుకోవాలి. ఆయన కౌన్సిలర్ గారింటికి వెళ్లారు. కౌన్సిలర్ గారు మర్యాదస్తులు, ఆయన దగ్గరే చదువుకున్నవారు. "మాస్టారూ, రోడ్డు బాగుందా లేదా, అది చెప్పండి" అన్నారు. "బాగుంది నాయనా, పొట్టిగా ఉంది" అన్నారు మాస్టారు. రోడ్డు పని చూసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి ఫోన్ కలిపారు. "కొలతలో వంపులు కూడా వస్తాయి సార్" అని ఆయన జవాబు. మా వీధి స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది, నిజమే. కానీ వీధి తిన్నగా ఉంది కదా అని కొలత కూడా తిన్నగా ఉండాలంటే ఎలా? వంపులు కుదరకపోయేసరికి "కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది సార్" అన్నారు. ఇది సైన్సే. మాస్టారు వెంటనే కాగితం మీద లెక్కేసి, ఎంత కుంచించుకున్నా జానెడు మించదని తేల్చారు. ఇలాంటి మనిషితో ఎవరు వేగగలరు?

ఆయనకు ఎంబుక్ గురించి తెలియకపోవడం వల్ల వచ్చిన తంటా ఇదంతా. పని దగ్గరికి వెళ్లి, టేపుతో కొలిచి, ఏఈ రాసే పుస్తకం అది. పై ఇంజినీరు డీఈ సరిచూసి సంతకం పెడతారు. బిల్లు దాన్నిబట్టే. అంటే రోడ్డు ఎంత పొడవుందో రోడ్డు చెప్పదు, ఎంబుక్ చెబుతుంది. ఎంబుక్‌లో 180 ఉండి నేల మీద 120 ఉంటే, సరిదిద్దుకోవలసింది నేల.

మాస్టారు సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చారు. మంగళవారం పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడిందని. ఇంత వేగంగా పనిచేసే ఆఫీసు ఇంకోటి చూపించండి. ఆయన మాత్రం టేపు తీసుకుని మళ్లీ బయల్దేరారు. మళ్లీ 120.

అప్పుడు నేను కూర్చోబెట్టి నచ్చజెప్పాను. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దాంతోపాటు వచ్చిన 12వ షెడ్యూల్‌లో మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. రోడ్లు, మంచినీళ్లు, వీధిదీపాలు, జనన మరణాల నమోదు, శ్మశానాలు, బందెలదొడ్లు కూడా ఉన్నాయి. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. అడిగినవాళ్లకు జవాబు చెప్పడం అనే పని అందులో ఎక్కడైనా ఉందా? పశువుని బందెలదొడ్లో పెట్టమంది గానీ ప్రశ్నకు చోటివ్వమనలేదు. "దానికి వేరే చట్టం ఉంది" అన్నారు మాస్టారు, తాపీగా.

ఉంది. సమాచార హక్కు చట్టం, 2005. ఈ అలవాటు ఎక్కడ మొదలైందా అని వెతికితే దారి రాజస్థాన్‌కి పోయింది. 1994లో కోట్ కిరానా అనే పల్లెలో కూలీలు, రైతులు గుమిగూడి పనుల లెక్కలు పైకి చదివించుకుని విన్నారు. 1996లో బ్యావర్‌లో ఆ లెక్కల నకళ్లు ఇమ్మని 40 రోజులు ధర్నా చేశారు. "మా డబ్బు, మా లెక్క" అన్నది వాళ్ల నినాదం. ఎండలో కూర్చున్న కూలీలకు తట్టిన మాట దేశం మొత్తానికి చట్టమై, చివరికి మా ఏఈ గారి మెడకు చుట్టుకుంది. ఈ చట్టం ప్రకారం సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనక్కర్లేదు. చట్టం వద్దన్న ప్రశ్న "నీకెందుకు?" అన్నదే, ఆఫీసు గుమ్మంలో మొట్టమొదట వినిపించేదీ అదే. మాస్టారికీ వినిపించింది. "లెక్క తేలక నిద్ర పట్టట్లేదు" అని నిజం చెప్పేశారు.

ఎంబుక్ నకలుతో పాటు ఆయన ఇంకోటి అడిగారు. పనిలో వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మనే హక్కు కూడా ఈ చట్టంలో ఉంది. చాలామందికి తెలియదు, తెలియకపోవడమే క్షేమం. రోడ్డు ముక్క ఇమ్మన్నారు. తవ్వితే రోడ్డు పాడవుతుందని అధికారులు బాధపడ్డారు. ఆ బాధ పది రోజులుంది. పదకొండో రోజు పొద్దున మంచినీళ్ల పైపు కోసం వాళ్లే యంత్రం తెచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు తవ్వారు. మాస్టారు ప్లాస్టిక్ కవరు పట్టుకుని గట్టు మీద నిలబడి, అరచేతంత ముక్క ఏరుకున్నారు. నా ఎదురుగానే బొటనవేలితో అంచు నొక్కారు. అది బిస్కెట్టులా విరిగి, పొడి ఆయన చొక్కా జేబు మీద పడింది. ఇసుక బాగానే కలిపారని నేను మెచ్చుకున్నాను.

30 రోజుల గడువులో సరిగ్గా 29వ రోజున జవాబు వచ్చింది, దరఖాస్తుని ఇంజినీరింగ్ విభాగానికి పంపామని. ఆ విభాగం పక్క గదే. తర్వాత ఇంకో ఉత్తరం: నకళ్లు 180 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 360 రూపాయలు చెల్లించవలెను. మాస్టారు చెల్లించారు. కట్ట ఇంటికి తెచ్చి, వేలు తడిచేసుకుని లెక్కపెట్టారు. 120 పేజీలు. ఇక్కడ కౌన్సిల్ నిజాయితీని మెచ్చుకోకుండా ఉండలేను. సిమెంటు పనిలోనైనా కాగితం పనిలోనైనా అదే నిష్పత్తి.

(ఆ మధ్యలోనే మాస్టారికి ఆస్తిపన్ను నోటీసు కూడా వచ్చింది. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. ఆ లెక్కలో మాత్రం ఒక్క పైసా కూడా కుంచించుకోలేదు.)

ఆఖరికి విషయం కౌన్సిల్ సాధారణ సమావేశానికి చేరింది. ఒక విలేకరి మిత్రుడి పక్కన కూర్చుని నేనూ చూశాను. మొదటి గంటా పావు శిలాఫలకం మీద పేర్ల వరస గురించి. వైస్ ఛైర్మన్ గారి పేరు రెండో వరసలో, అదీ చిన్న అక్షరాల్లో చెక్కారట. పోడియం ముందు బైఠాయింపు, వాకౌట్, టీ, బుజ్జగింపు, తిరిగి రాక. ఆ తర్వాత ఎజెండాలోని 42 అంశాలూ ఆరు నిమిషాల్లో ఆమోదం పొందాయి. ప్రతిపక్ష సభ్యుడొకరు ఏదో అడగబోతే మైకు ఆగిపోయింది. వైరింగ్ సమస్య. దానికి అంచనాలు వేయమని అక్కడికక్కడే తీర్మానించారు.

అందరూ లేస్తుండగా టేబుల్ ఎజెండా, అంటే ముందు చెప్పకుండా అప్పటికప్పుడు చేర్చే అంశాల కాగితం, పంచారు. ఒకే ఒక్క అంశం. మా వీధిలో ప్రజల నుంచి వచ్చిన వినతి మేరకు, మిగిలిన 60 మీటర్ల సీసీ రోడ్డు నిర్మాణానికి అత్యవసరంగా నిధులు మంజూరు చేయడం గురించి. ఏకగ్రీవం. బల్లలు చరిచారు. అడిగిన పౌరుడి మాటకు ఇంత విలువిచ్చే కౌన్సిల్ ఉంటే ఇంకా నిందలెందుకో నాకర్థం కాదు.

పరుగున వచ్చి మాస్టారికి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. టేపు తీసి, ప్రహరీగోడ దగ్గర మొదలుపెట్టి వరండా, హాలు, వంటిల్లు దాటి పెరటి గోడ దాకా కొలిచారు. 22 మీటర్లు. మిగతాది వెనక వీధివాళ్ల పెరట్లోకి పోతుంది. వాళ్లతో మాట్లాడి రమ్మని నన్ను పంపి, తను సోఫా ఓ పక్కకు జరపడం మొదలుపెట్టారు.