సవరణ: కుక్కలకు విలియమ్స్ సిండ్రోమ్ లేదు

బీచ్ రోడ్డు కుక్కల మీద మొన్న పెట్టిన పోస్టులో "కుక్కలకు విలియమ్స్ సిండ్రోమ్ ఉంది, అందుకే కొత్తవాళ్లను చూసినా తోక ఊపుతాయి" అని రాశాం. అది తప్పు.

విలియమ్స్ సిండ్రోమ్ మనుషుల్లో వచ్చేది. ఏడో క్రోమోజోమ్ జతలో ఒకదాని నుంచి సుమారు 26–28 జన్యువులున్న ముక్క ఊడిపోతుంది. ఇట్టే కలిసిపోయే స్వభావంతో పాటు గుండె రక్తనాళాల ఇబ్బందులూ వస్తాయి. కుక్కల్లో అలా ముక్క ఊడిపోలేదు. దానికి సరిపోలే భాగం వాటి ఆరో క్రోమోజోమ్ మీద ఉంది. అక్కడి జీటీఎఫ్2ఐ, జీటీఎఫ్2ఐఆర్‌డీ1 జన్యువుల్లో ట్రాన్స్‌పోజాన్లు, అంటే చోటు మారే డీఎన్‌ఏ తునకలు, వచ్చి దూరాయి. మనిషిని అంటిపెట్టుకునే గుణానికీ వీటికీ సంబంధం కనిపిస్తోందని 2017లో సైన్స్ అడ్వాన్సెస్ అనే పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. అంతవరకే. పరీక్షించినవి 18 కుక్కలు, మనుషుల దగ్గర పెరిగిన 10 తోడేళ్లు; అంత చిన్న లెక్కతో "ఇదే కారణం" అనేయడం తొందరపాటు.

డీఎన్‌ఏ పరీక్షతో మంచి కుక్కపిల్లను ఎంచుకోవచ్చా అని కొందరు అడిగారు. కుదరదు. పెంపకం చూడండి. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా పిల్ల రకరకాల మనుషులను చూడాలి: చంటిపిల్లలు, గొడుగు పట్టినవాళ్లు, హెల్మెట్ తీయని డెలివరీ కుర్రాడు. మీద పడి ఎత్తుకోవద్దు, కింద కూర్చుంటే అదే వస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వైరస్ జబ్బు) భయం ఉంటుంది, అందుకని వీధిలో దింపకుండా ఇంటికొచ్చేవాళ్లతోనే అలవాటు చేయండి.