పైత్యరస రవాణా శాఖ వారికి అరికాళ్లు గోక్కుంటూ రాసిన అర్జీ

అయ్యా,

రాత్రి రెండు దాటింది. అరికాళ్లు కొబ్బరిపీచు పట్టా మీద రుద్దుకుంటూ రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే మీ పుణ్యమే. ఒంటి మీద దద్దుర్లు లేవు, దురద మాత్రం ఆగదు. అత్తమ్మ ‘పైత్యం చేసింది’ అని నెల రోజులు ధనియాల కషాయం తాగించింది. ‘నీకు పైత్యం కొత్తా?’ అన్నారు మా ఆయన. డాక్టరమ్మ రిపోర్టులు చూసి ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అంది. లివరులోని సన్నని పైత్యనాళాలను నా ఇమ్యూనిటీయే కొరికేస్తోందట. అంటే ఇద్దరి మాటా నిజమే!

మీ పనితనాన్ని కాదనను. కొలెస్ట్రాల్‌తో చేసిన పైత్యామ్లాలే మీ సరుకు, అదీ నాలుగు గ్రాములు కూడా లేదు మీ దగ్గర. కొవ్వు అరగడానికి దాన్ని పేగులోకి పంపుతారు. చిన్నపేగు చివర నూటికి 95 వంతులు మళ్లీ ఎక్కించుకుని లివరుకే తెస్తారు. రోజుకి ఎన్ని ట్రిప్పులో!

దారి మూసుకుపోయినప్పుడే మీ అసలు బుద్ధి బయటపడింది. 2020 అక్టోబరు వానల్లో నాలా పొంగితే, ఎదురింటాయన మోటరు పెట్టి తన సెల్లారు నీళ్లన్నీ రోడ్డు మీదికి తోడేశాడు. అవి తిన్నగా మా గేట్లోకి వచ్చాయి. మీ లివరు కణాలదీ అదే తెలివి. నాళంలోకి నెట్టే బీసెప్ పంపు ఎంత తోసినా ముందుకి పోదు. రక్తంలోంచి సరుకు తెచ్చే ఎన్‌టీసీపీ గేటుని సగం దించుతారు, అంతవరకు బుద్ధిమంతులే. తర్వాత పెరటి తలుపు తీసి ఉన్నదంతా రక్తంలోకి తోసేస్తారు. నా దురద కేసులో అనుమానితుల జాబితాలో ఆ సరుకు పేరూ ఉంది.

లోపల మిగిలింది ఊరుకుంటుందా? కొవ్వుని విడగొట్టే సబ్బులాంటిది కదా, కణాల పొరల్నే తినేస్తుంది. ఆ గోలకి పక్కనున్న నక్షత్రకణాలు లేచాయి. అంతవరకూ ఎ విటమిన్ మూటగట్టుకుని మూల కూర్చున్న అమాయకులు. మూట జారవిడిచి మేస్త్రి అవతారమెత్తి, మచ్చ కట్టించే కొలాజెన్ అనే పీచు ప్రోటీన్‌తో పూత మొదలుపెట్టారు. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే మేస్త్రీ ఇంతే. పైపు ఎక్కడ కారుతోందో చూడడు, గోడకి చెమ్మ కనబడితే పైన సిమెంటు మెత్తి డబ్బులడుగుతాడు. పూత మీద పూత పడి, లివరు ఎంత గట్టిపడిందో కొలిచే నా ఫైబ్రోస్కాన్ కాగితం మీద 9.4 కిలోపాస్కల్స్ అని వచ్చింది. మెత్తగా ఉండాల్సిన లివరు!

కాబట్టి ముందు నాలా తీయించండి, పూతపని తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
మీ పరిధిలోని లివరు యజమానురాలు,
మల్కాజిగిరి.

తా.క.: నాకిచ్చిన బిళ్ల పేరు ఉర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్. అదీ ఒక పైత్యామ్లమే, కాకపోతే కాస్త సాధువు. ఎలుగుబంటి పైత్యంలో మొదట దొరికింది కాబట్టి ఆ పేరట, ఇప్పుడు ఫ్యాక్టరీలోనే చేస్తారు. అత్తమ్మకి చెప్పలేదు. ఎలుగుబంటి అని వింటే దాని వెంట్రుకతో తాయెత్తు కూడా కట్టిస్తుంది.