సవరణ: ఎరిక్ రావిలియస్ గురించి

ఇంగ్లండ్ ప్రకృతి చిత్రకారుడు ఎరిక్ రావిలియస్ (1903–1942) మీద పోయినవారం రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

ఆయన విమానాన్ని జర్మన్లు కూల్చారని రాశాను. నిజం వేరు. యుద్ధ చిత్రకారుడిగా ఐస్‌లాండ్ వెళ్లిన ఆయన, 1942 సెప్టెంబర్ 2న, కనిపించకుండా పోయిన మరో విమానాన్ని వెతకడానికి బయలుదేరిన విమానంలో ఎక్కారు. అదీ తిరిగి రాలేదు. అప్పటికి వయసు 39. యుద్ధంలో పోయారనగానే శత్రువు తూటా అని నేనే ఊహించేసుకున్నాను.

రెండోది, 1938లో విజ్డెన్ క్రికెట్ వార్షిక సంచిక అట్టకోసం ఆయన చేసిన బొమ్మను లిథోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి అచ్చువేసే బొమ్మ) అన్నాను. అది చెక్క మీద చెక్కింది. ఆ అట్టబొమ్మలోని పొడవు టోపీల బ్యాట్స్‌మన్, వికెట్ కీపర్ గుర్తున్నారు కదా! ఈ పద్ధతిలో గట్టి చెక్కను అడ్డంగా కోసి, ఆ కోతముఖం మీద సన్నని ఉలితో గీస్తారు. ఉలి తాకిన గీత తెల్లగా మిగులుతుంది, తాకని చోటు నల్లగా అచ్చవుతుంది. అదే ఏడాది వచ్చిన ‘హై స్ట్రీట్’ పుస్తకంలోని 24 దుకాణాల బొమ్మలు మాత్రం లిథోగ్రాఫులే. రెండింటినీ కలిపేశాను.

పనిలో పనిగా ఇంకొక్క మాట. రైలు కిటికీలోంచి సుద్దకొండ వాలు మీద తొలిచిన తెల్లగుర్రం ఆకారం కనిపించే చిత్రం పూర్తిగా ఆయన చేతిమీదుగానే తయారైనట్టు రాశాను. రెండు నీటిరంగుల చిత్రాలను కత్తిరించి ఒకటిగా అతికించింది ఆయన భార్య టిర్జా. ఆమె కూడా చిత్రకారిణే.