గొర్రెలకు 50 లక్షలు, మనకు ఫార్వర్డులు

నిన్నటితో ఏడోసారి. మొదట మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్టుమెంటు గ్రూపులో. మా పెద్దమ్మ కొడుకు విడిగా పంపాడు, మా బావమరిది రెండుసార్లు పంపాడు. చివరికి మా బ్రాంచికి టీ తెచ్చే కుర్రాడు కూడా ఫోను నా ముందు పెట్టి, "ఇది నిజమేనా సార్?" అన్నాడు. వాడు నయం, అడిగాడు. మిగతావాళ్ళు చదివారో లేదో కూడా తెలీదు, తోసేశారంతే.

మెసేజి ఇది: "ఉద్యోగానికి టాటా, సేద్యానికి జై! కొత్తగా వ్యవసాయంలోకి వచ్చే యువతకు కేంద్రం 25 లక్షలు ఉచితం. గొర్రెల ఫారానికి 50 లక్షలు. నాబార్డు నుంచి గేదెలకు 33 శాతం. సొంత భూమి అక్కర్లేదు. ముందు షెడ్డు కట్టి ఫొటోలు పంపితే చాలు, డబ్బు ఖాతాలో పడుతుంది. బ్యాంకు అప్పు సబ్సిడీతోనే తీరిపోతుంది. పైగా ఏటా 6 వేలు, ఇన్‌కం టాక్స్ లేదు. చివరి తేదీ ఈ నెల 31. అప్లికేషన్ ఫీజు 4,999 మాత్రమే." కింద ఒక ఫోను నంబరు. దాని కింద నాగలి పట్టుకుని నవ్వుతున్న కుర్రాడి బొమ్మ. చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

నేను బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూస్తాను. ఈ మెసేజి ప్రింటు తీసుకుని వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురు తగులుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ ఒకేసారి చెప్తున్నాను.

చివరి తేదీ సంగతి ముందు. ఇది నాకు మొట్టమొదట వచ్చింది ఫిబ్రవరిలో. అప్పుడు కూడా "ఈ నెల 31" అనే ఉంది. ముందుకు పోదాం.

25 లక్షలు. ఇది గాల్లోంచి పుట్టలేదు, దీనికో మూలం ఉంది. కేంద్రం నడిపే రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో వ్యవసాయ స్టార్టప్‌ల కోసం ఒక భాగం ఉంది. ఆలోచన దశలో 5 లక్షల దాకా, సంస్థ పెట్టి సరుకు తయారుచేసే దశలో 25 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ కూడా దీన్ని నడిపించేవాటిలో ఒకటి. ఎంపికైతే రెండు నెలల శిక్షణ, కమిటీల ముందు ప్రెజెంటేషన్లు, విడతలవారీగా డబ్బు, అందులో కొంత మన వాటా. ఇది కొత్త యంత్రమో కొత్త పద్ధతో కనిపెట్టి కంపెనీ పెట్టేవాళ్ళకు. "అరెకరంలో టమాటా వేస్తాను సార్" అంటే ఇచ్చేది కాదు. మెసేజి తయారుచేసిన మహానుభావుడు "స్టార్టప్" అనే మాట తీసేసి "యువత" అని పెట్టాడు. ఒక్క మాటే కదా!

నాబార్డు గేదెలు. 2010లో మొదలైన పాడి పథకంలో మామూలువాళ్ళకు 25 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 33.33 శాతం సబ్సిడీ ఉండేది. ఉండేది. ఆ పథకం ఆగిపోయి ఏళ్ళయింది. అది ఉన్న రోజుల్లో కూడా అప్పిచ్చింది బ్యాంకులే, నాబార్డు మన చేతికి నేరుగా ఏమీ ఇవ్వదు. వట్టిపోయిన గేదెను ఇంకా పితుకుతున్నారు.

ఏటా 6 వేలు. పీఎం కిసాన్ గురించి కాబోలు. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే అని గీత గీసి మొదలుపెట్టిన పథకం అది. ఆ తర్వాత కొన్నవాళ్ళకు తలుపు వేసేసి, పెద్దలు పోయి వారసులకు వచ్చిన భూమికి మాత్రం సందు వదిలారు. పైగా కిందటేడు ఇన్‌కం టాక్స్ కట్టినవాళ్ళు అనర్హులు. అంటే "ఉద్యోగానికి టాటా" చెప్పి, భూమి కొని వచ్చే మన సాఫ్ట్‌వేర్ కుర్రాడు రెండు లెక్కల్లోనూ అవుట్. ఒకవేళ వచ్చినా, ఆ మొత్తం గొర్రె తోకలా 2019 నుంచి బెత్తెడే.

ఇన్‌కం టాక్స్. పంట ఆదాయానికి లేదు, నిజమే. కానీ ఈ మెసేజి అమ్ముతున్నది గొర్రెలూ గేదెలూ కదా. పాలు, మాంసం అమ్మి సంపాదించింది వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది, పన్ను లెక్కలో ఉంటుంది.

ఇక అసలు సంగతి. పైవన్నీ అబద్ధాలే అయినా వాటితో ఎవరి కొంపా మునగదు, నిరాశపడి ఊరుకుంటారు. కొంప ముంచేది ఈ వాక్యం: "ముందు షెడ్డు కట్టి ఫొటోలు పంపితే చాలు."

పోయినేడాది ఒకతను వచ్చాడు. ముప్ఫై దాటలేదు. నగరంలో మంచి ఉద్యోగం, మానేసి మూడు నెలలైంది. ఊళ్ళో షెడ్డు కట్టేశాడు. ఇనుప స్తంభాలు, రేకులు, గొర్రెల కింద ప్లాస్టిక్ పలకల అరుగు, అన్నీ ఫోనులో చూపించాడు. చాలా బాగా కట్టాడు. తొమ్మిది లక్షల చిల్లర అయిందట, అందులో పర్సనల్ లోను ఆరు, మిగతాది క్రెడిట్ కార్డుల మీద. "సార్, మొదటి విడత ఎప్పుడు పడుతుంది?" అన్నాడు.

ఏమని చెప్పను? అతని దగ్గర లోను మంజూరు కాగితం లేదు, దరఖాస్తు నంబరు లేదు. మంజూరుకు ముందు పెట్టిన ఖర్చును నేను ప్రాజెక్టు ఖర్చుగా చూపించలేను. పోనీ ఇప్పుడు లోనుకు పెడదామంటే, నెలనెలా జీతం పడే ఖాతా ఆగిపోయింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అతను బ్యాంకు దృష్టిలో మంచి కస్టమరు. రాజీనామా చేసిన మర్నాటి నుంచి ఆదాయం లేని మనిషి, మెడలో మూడు ఈఎంఐలు. సిబిల్ స్కోరు తీస్తే రెండు కార్డుల్లో బాకీ. బాగా బతకగలిగినవాడు, ఆ మెసేజి చెప్పిన వరసలోనే అన్నీ చేశాడు. ఆ వరస సరిగ్గా తలకిందులు.

సబ్సిడీ ముందు నడవదు, వెనక నడుస్తుంది. ఈ ఒక్క ముక్క తలకెక్కితే ఈ వ్యాసం అక్కర్లేదు. ముందు బ్యాంకు సరేననాలి, తర్వాత మీ వాటా పడాలి, తర్వాత అప్పు విడుదల కావాలి, పని నేల మీద కనిపించాలి, అధికారి వచ్చి చూడాలి, ఆ తర్వాత సబ్సిడీ. అదీ చాలా పథకాల్లో మీ జేబులోకి రాదు. వ్యవసాయ పట్టభద్రులకు ఉన్న అగ్రి క్లినిక్ పథకమే చూడండి: సబ్సిడీ 36 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 44 శాతం. ఆ డబ్బు బ్యాంకులో విడిగా సబ్సిడీ రిజర్వు ఫండు అని ఒక పద్దులో కూర్చుంటుంది. అంత మేరకు అప్పు మీద వడ్డీ వెయ్యరు, మిగతా అప్పంతా మీరు తీర్చాక ఆఖర్లో సర్దుతారు. మధ్యలో దుకాణం ఎత్తేస్తే అది వెనక్కి పోతుంది. "అప్పు సబ్సిడీతోనే తీరిపోతుంది" అనేవాడికి ఈ పద్దు ఎప్పుడూ కనపడలేదన్నమాట.

గొర్రెల లెక్కే వేద్దాం, అందరికీ ఇష్టం కదా. పశువుల పెంపకానికి కేంద్రం పెట్టిన నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో అన్నిటికంటే చిన్న యూనిట్ 100 ఆడగొర్రెలు, 5 పొట్టేళ్ళు. సబ్సిడీ ఖర్చులో సగం, 10 లక్షలకు మించకుండా. ఖర్చు 20 లక్షలు, మీ చేతి డబ్బు 2 లక్షలు, బ్యాంకు 18 లక్షలు అనుకుందాం. సబ్సిడీ రెండు సమాన విడతల్లో వస్తుంది. మొదటిది బ్యాంకు డబ్బు కదిలి, పని కొంత జరిగాక. రెండోది యూనిట్ మొత్తం నిలబడి, పశుసంవర్ధక శాఖ వాళ్ళు చూసి సరేనన్నాక. మొత్తం 10 లక్షలూ వచ్చాయనుకున్నా 8 లక్షల అప్పు అలాగే ఉంటుంది. ఆ 10 లక్షలు ఆర్నెల్లు ఆలస్యమైతే, 11 శాతం వడ్డీ చొప్పున 55 వేలు మీ నెత్తిన. ఈలోగా ఆదాయం? ఈ రోజు కొన్న గొర్రె చూలు నిలిచి, ఐదు నెలలు మోసి, ఈని, ఆ పిల్ల అమ్మకానికి ఎదిగేసరికి ఏడాది దాటుతుంది. వానాకాలంలో నీలినాలుక, కొత్త గడ్డికి చిటుక రోగం. వీటికి ముందే టీకాలు వేయించాలన్నది తరతరాలుగా మంద కాసేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనవాడికి మాత్రం మొదటి ఇరవై చచ్చాక తెలుస్తుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

"సొంత భూమి అక్కర్లేదు" అన్నది సగం నిజం. లైవ్‌స్టాక్ మిషన్‌లో లీజు భూమి చెల్లుతుంది. అయితే ఆ లీజు కాగితం మీద ఉండాలి. మన ఊళ్ళలో కౌలు నోటి మాట మీద నడుస్తుంది, సంతకం అడగ్గానే భూమి యజమాని ముఖం మారిపోతుంది. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇవ్వాలంటే యజమాని ఒప్పుకోలు కావాలి, ఒప్పుకునేవాళ్ళెంతమందో మీ ఊళ్ళో అడిగి చూడండి. తెలంగాణలో రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12 వేలు పట్టాదారు ఖాతాలోకి పోతాయి, దుక్కి దున్నిన కౌలుదారు ఖాతాలోకి కాదు. ఇక బ్యాంకు సంగతి: 2025 జనవరి నుంచి వ్యవసాయ రుణానికి తాకట్టు లేకుండా ఇచ్చే పరిమితి 2 లక్షలు. 18 లక్షలకు ఏం తాకట్టు పెడతారు, ఫార్వర్డు చేసిన మెసేజా?

4,999 ఫీజు. లైవ్‌స్టాక్ మిషన్ దరఖాస్తు ఆన్‌లైన్లో ఎవరికి వాళ్ళు పెట్టుకునేదే, ప్రభుత్వానికి ఫీజు లేదు. ఈ "కన్సల్టెంట్లు" మీకిచ్చేది ఒక ప్రాజెక్టు రిపోర్టు. వేర్వేరు మండలాల నుంచి వచ్చిన నాలుగు రిపోర్టులు ఒకేసారి నా బల్ల మీద పడ్డాయి. అన్నిట్లోనూ అవే అంకెలు, అదే అక్షరదోషం. ఒకదాంట్లో ఊరి పేరు మార్చడం కూడా మర్చిపోయారు. ఆ దరఖాస్తుదారు వేరే ఊళ్ళో ఎవరిదో చెరువు పక్కన గొర్రెలు పెంచబోతున్నాడు.

ఇంతా తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. గొర్రెలకు 50 లక్షలు అన్న మాట చూసి మొదట్లో నేనూ పకపకా నవ్వాను. తర్వాత సర్క్యులర్ తీసి చూస్తే ఉంది. 500 ఆడగొర్రెలు, 25 పొట్టేళ్ళ యూనిట్‌కు సబ్సిడీ గరిష్ఠంగా అక్షరాలా 50 లక్షలే. రుణాలిచ్చే కుర్చీలో కూర్చున్న నాకే తెలీనప్పుడు, ఊళ్ళో కుర్రాడికి వాట్సాప్ తప్ప ఎవరు చెప్తారు? మేము చెప్పం. పథకం పేరెత్తితే పని పెరుగుతుందని మా బ్రాంచీల్లో చాలామంది "అవన్నీ ఇప్పుడు లేవండీ" అని పంపించేస్తారు. నేనూ అన్నాను, ఒకట్రెండుసార్లు కాదు.

ఇంకోటి కూడా. ఈ మెసేజి ఊహించుకున్న పథకం మన దగ్గర లేదు గానీ, లోకంలో ఉంది. జపాన్‌లో 50 ఏళ్ళలోపు వాళ్ళు కొత్తగా సేద్యంలోకి వస్తే నిలదొక్కుకోవడానికి కొన్నేళ్ళపాటు ఏటా దాదాపు 15 లక్షల యెన్‌లు ఇచ్చే పథకం 2012 నుంచి ఏదో ఒక రూపంలో నడుస్తోంది. యూరోపియన్ యూనియన్‌లో యువ రైతు స్థిరపడటానికి లక్ష యూరోల దాకా సాయం చెయ్యొచ్చని నిబంధనల్లోనే ఉంది. మన పథకాలు మాత్రం భూమి ఉందా, తాకట్టు ఉందా, డిగ్రీ ఉందా అని అడుగుతాయి. "కొత్తవాడివా?" అని అడిగే గడి నేను చూసిన ఏ ఫారంలోనూ లేదు. మెసేజి అబద్ధం, దాని వెనక ఆశ న్యాయం. అందుకే ఒళ్ళు మండుతోంది.

మా బావమరిది రెండోసారి పంపినప్పుడు ఫోన్ చేశాను, నాలుగు దులపడానికి. తీరా చూస్తే వాడు పంపింది సరదాకి కాదట, కొడుకు కోసం. పిల్లాడికి హైదరాబాదులో ఉద్యోగం నచ్చట్లేదు, ఊరికి వచ్చేస్తానంటున్నాడు. వంద గొర్రెలు పెడితే ఎలా ఉంటుంది బావా, అన్నాడు.

ఉద్యోగం మానొద్దు, ముందు ఇరవై పెట్టమను, అన్నాను. ఇరవై ఆడగొర్రెలు, ఒక పొట్టేలు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద పంచిన యూనిట్ కూడా అంతే. పుట్టినప్పటి నుంచి మందలో తిరిగినవాళ్ళకే ఇరవై ఇచ్చారంటే, మనవాడికి అదే ఎక్కువ. రెండు ఈతలు చూడనీ, చావులు చూడనీ, శని ఆదివారాలు వచ్చి పేడ ఎత్తనీ. అప్పుడు వంద గురించి మాట్లాడదాం, ఫైలు నేనే రాస్తాను, అన్నాను.

వాడు కాసేపు ఆగి, "ఇరవైకి సబ్సిడీ ఎంత బావా?" అన్నాడు.

మనలాంటి కొత్తవాళ్ళకు ఇరవైకి ఏమీ లేదు. సబ్సిడీ నూటఐదు దగ్గరే మొదలవుతుంది.