జియో టీవీ కథ: ఉపగ్రహం దుబాయ్‌లో, తాళం గల్లీలో

పాకిస్తాన్‌లో ప్రభుత్వ ఛానల్ పీటీవీ 1964 నవంబర్‌లో లాహోర్ నుంచి మొదలైంది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ల పాటు అక్కడి ఇళ్లలో ఉర్దూ వార్తలంటే రాత్రి తొమ్మిదింటికి వచ్చే 'ఖబర్‌నామా'యే. మొదట దేశాధ్యక్షుడు, తర్వాత ప్రధాని, ఆ తర్వాత మంత్రులు, చివరలో వాతావరణం. ప్రతిపక్షం ఏమంటోందో తెలుసుకోవాలంటే బీబీసీ ఉర్దూ రేడియో పెట్టుకోవాలి, లేదా పొద్దున పత్రిక వచ్చేదాకా ఆగాలి. 2002లో దుబాయ్ నుంచి జియో టీవీ వచ్చాక ఆ పరిస్థితి మారింది. (మన రిలయన్స్ జియోతో దీనికి ఏ సంబంధమూ లేదు. 'జీతే రహో' అన్నప్పటి ఆ జీవించడమే ఈ జియో.)

జియో ఎదుగుదలను చాలామంది ప్రైవేటు టీవీ విజయగాథగా చెబుతారు. నేనైతే దాన్ని మీడియా స్వేచ్ఛ అసలు ఎక్కడ తెగుతుందో చూపించే పాఠంగా చదువుతాను. ఉపగ్రహం ఎంత పైన తిరుగుతున్నా, ఛానల్ ఆయువు వీధి చివరి కేబుల్ ఆపరేటర్ గదిలో ఉంటుంది. ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. అక్కడికి చివర్లో వస్తాను.

జియో వెనక ఉన్నది జంగ్ గ్రూపు. మీర్ ఖలీలుర్ రెహ్మాన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఢిల్లీలో మొదలుపెట్టిన 'జంగ్' పత్రిక దేశ విభజనతో కరాచీ చేరింది, అక్కడ ఉర్దూలో అతి పెద్ద దినపత్రికగా ఎదిగింది. 1998-99లో నవాజ్ షరీఫ్ ప్రభుత్వానికీ ఈ గ్రూపుకూ పడలేదు. ఆదాయపు పన్ను నోటీసులు వచ్చాయి, బ్యాంకు ఖాతాలు స్తంభించాయి, న్యూస్‌ప్రింట్ అందకుండా పోయింది. కొంతమంది జర్నలిస్టులను తీసేయమని ఒత్తిడి. పత్రిక కొన్ని రోజులు కొద్ది పేజీలతోనే బయటికొచ్చింది. ప్రభుత్వం ఒక్క వార్తనూ నిషేధించలేదు, కాగితాన్ని మాత్రం ఆపింది. ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోవాలి. తర్వాత జియో మీద నడిచిందీ ఇదే పద్ధతి, కాగితం స్థానంలో కేబుల్ వచ్చిందంతే.

1999లో షరీఫ్‌ను దించేసి అధికారంలోకి వచ్చిన సైనిక పాలకుడు ముషారఫే ప్రైవేటు టీవీకి తలుపు తెరవడం విచిత్రంగా అనిపించవచ్చు. దానికి కారణం కార్గిల్. ఆ యుద్ధ సమయంలో పాకిస్తాన్ పట్టణాల్లో డిష్‌లున్న ఇళ్లలో జనం భారతీయ ఛానళ్లు చూశారు. పీటీవీని నమ్మేవాళ్లు తగ్గిపోయారు. సొంత ప్రజలే శత్రుదేశం ఛానళ్లలో యుద్ధాన్ని చూస్తున్నారన్న దిగులు సైన్యానికి పట్టుకుందని అక్కడి పరిశీలకులు రాస్తూ వచ్చారు. 2002 మార్చిలో పెమ్రా అనే నియంత్రణ సంస్థను ఏర్పాటు చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 14న జియో ప్రయోగాత్మక ప్రసారాలు, అక్టోబర్‌లో ఎన్నికల వేళకు పూర్తి స్థాయి ప్రసారాలు మొదలయ్యాయి. విలేకరులు కరాచీ, లాహోర్, ఇస్లామాబాద్‌లలో ఉండేవారు. సిగ్నల్ మాత్రం దుబాయ్ మీడియా సిటీ నుంచి ఉపగ్రహానికి వెళ్లేది. అంతకు ముందే, 2000లో, ఏఆర్‌వై కూడా బ్రిటన్ నుంచి ఇలాగే మొదలైంది. దేశం బయటి నుంచి దేశం లోపలికి మాట్లాడటమే తొలి ఉర్దూ ప్రైవేటు ఛానళ్ల ఎత్తుగడ.

మన వైపు కూడా ఉర్దూ ఉపగ్రహ టీవీ దాదాపు అదే సమయంలో పుట్టింది. రామోజీ గ్రూపు ఈటీవీ ఉర్దూను 2001 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచి ప్రారంభించింది. దూరదర్శన్ ఉర్దూ ఛానల్ 2006లో గానీ రాలేదు. పాతబస్తీలో ఉర్దూ ఇంటి భాష. 1948 తర్వాత కరాచీ వెళ్లిన కుటుంబాలతో ఇక్కడి బంధుత్వాలు ఇంకా ఉన్నాయి. కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేట ఇప్పటికీ ఉంది, పచ్చళ్లకు పేరు కూడా. ఒకే భాషలో, ఏడాది తేడాతో మొదలైన రెండు ఛానళ్ల దారులు మాత్రం వేరయ్యాయి. ఈటీవీ ఉర్దూ ప్రభుత్వాలతో తలపడే స్థితికి రాలేదు. తర్వాత అది నెట్‌వర్క్18 చేతికి వెళ్లి న్యూస్18 ఉర్దూ అయింది. జియో తలపడక తప్పని చోట ఉంది.

2005 అక్టోబర్ 8 భూకంపం జియోకూ తోటి ఛానళ్లకూ మొదటి పెద్ద పరీక్ష. 70 వేల మందికి పైగా చనిపోయిన ఆ విపత్తులో ముజఫరాబాద్ శిథిలాల నుంచి, ఇస్లామాబాద్‌లో కూలిన మర్గలా టవర్స్ అపార్టుమెంట్ల నుంచి లైవ్ వచ్చింది. సహాయం అందని ఊళ్ల పేర్లు తెరమీద కనిపించాయి. ప్రభుత్వం చెప్పేదానికీ కళ్లముందు కనిపించేదానికీ తేడా జనానికి తెలిసింది. మరుసటి ఏడాది హుదూద్ చట్టాల (మతం ఆధారంగా శిక్షలు వేసే చట్టాల) మీద 'జరా సోచియే' పేరుతో జియో పెద్ద చర్చ నడిపింది. అత్యాచారానికి గురైన స్త్రీ నలుగురు సాక్షులను తేలేకపోతే ఆమె మీదే వ్యభిచార కేసు పెట్టే పరిస్థితి గురించి మతపండితులను స్టూడియోకి పిలిచి అడిగింది. ఆ ఏడాది చివరికి మహిళా రక్షణ చట్టం వచ్చింది. ఆ ఘనత ఒక్క ఛానల్‌కే ఇవ్వడం పొరపాటు. ఏళ్ల తరబడి పోరాడింది అక్కడి మహిళా సంఘాలు. కానీ ఆ మాటలు డ్రాయింగ్ రూముల్లోకి చేరింది మాత్రం టీవీ వల్లే.

2007లో ఈ బలం అధికారాన్నే కదిలించింది. మార్చి 9న ప్రధాన న్యాయమూర్తి ఇఫ్తికార్ చౌదరిని ముషారఫ్ సస్పెండ్ చేశారు. లాయర్లు వీధుల్లోకొచ్చారు. వారం తిరిగేసరికి పోలీసులు ఇస్లామాబాద్‌లోని జియో ఆఫీసు మీద పడ్డారు, అద్దాలు పగలగొట్టారు. అదే రోజు ముషారఫ్ జియో కార్యక్రమంలోనే లైవ్‌లో క్షమాపణ చెప్పారు. సైనిక పాలకుడు ప్రైవేటు ఛానల్‌కు క్షమాపణ చెప్పడం ఆ దేశంలో అంతకు ముందు ఊహకందని విషయం. మే నెలలో చౌదరి ఇస్లామాబాద్ నుంచి లాహోర్‌కు కారులో బయల్దేరితే, నాలుగైదు గంటల ప్రయాణం ఒక రోజుకు పైగా పట్టింది. దారి పొడవునా జనం. ఆ జనాన్ని చూపించింది టీవీ, టీవీలో చూసి మరింత జనం రోడ్డెక్కారు.

నవంబర్ 3న ఎమర్జెన్సీ విధించారు. ఆ సాయంత్రమే కేబుల్‌లో ప్రైవేటు వార్తా ఛానళ్లన్నీ ఆగిపోయాయి. డిష్ ఉన్నవాళ్లకు మాత్రం దుబాయ్ నుంచి సిగ్నల్ వస్తూనే ఉంది. దాంతో జనం డిష్‌లు కొనడానికి ఎగబడ్డారు, ప్రభుత్వం వాటి దిగుమతినే ఆపింది. చాలా ఛానళ్లు ప్రభుత్వం పెట్టిన ప్రవర్తనా నియమావళికి ఒప్పుకుని ఒక్కొక్కటిగా తెరమీదకు వచ్చాయి. జియో ఒప్పుకోలేదు. నవంబర్ 16 అర్ధరాత్రి దుబాయ్ అధికారులు ఉపగ్రహానికి సిగ్నల్ పంపే జియో అప్‌లింక్‌నే ఆపించారు. దేశం బయట ఉండటమే రక్షణ అనుకున్న ఛానల్‌కు, ఆ బయటి దేశం కూడా ఇస్లామాబాద్ మాట వినగలదని తెలిసొచ్చింది. జియో యాంకర్ హమీద్ మీర్ తన చర్చా కార్యక్రమం 'క్యాపిటల్ టాక్'ను రోడ్డు మీదే జనం మధ్య నడిపారు. ప్రసారాలు తిరిగి మొదలైంది 2008 జనవరిలో. జియో చరిత్రలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే ఘట్టం ఈ రెండు నెలలు. ప్రకటనల ఆదాయం పోతోంది, ఎన్నికల సీజన్ దాటిపోతోంది, అయినా సంతకం పెట్టలేదు.

అంత గౌరవం ఉన్నందుకే జియో తప్పుల గురించి కూడా చెప్పాలి. 2008 సెప్టెంబర్‌లో అది ప్రసారం చేసిన మత కార్యక్రమంలో అహ్మదీలను (ముస్లిములు కారని పాకిస్తాన్ చట్టం చెప్పే మైనారిటీ వర్గాన్ని) చంపడం ధర్మమన్నట్టు అతిథులు మాట్లాడారు. రెండు రోజుల్లో సింధ్‌లో ఇద్దరు అహ్మదీలు హత్యకు గురయ్యారు. రేటింగ్ కోసం మతాన్ని స్టూడియోకి తెచ్చి కూర్చోబెట్టిన యాజమాన్యం ఆ రక్తానికి జవాబు చెప్పలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో, ముంబై దాడుల తర్వాత, కసబ్ తమ ఊరివాడేనని ఫరీద్‌కోట్ గ్రామస్తులు చెప్పిన మాటలను అదే జియో బయటపెట్టింది. సొంత ప్రభుత్వం కాదంటున్న నిజాన్ని చూపించడానికి దమ్ము కావాలి. రెండూ ఒకే సంస్థ చేసినవే.

2014 ఏప్రిల్ 19న కరాచీలో హమీద్ మీర్ మీద కాల్పులు జరిగాయి. ఆయన బతికారు. కుటుంబం ఐఎస్ఐ మీద అనుమానం చెబితే, జియో ఆ సంస్థ అధిపతి ఫొటోను గంటల తరబడి తెరమీద ఉంచింది. చేతిలో సాక్ష్యం లేకుండా అలా చేయడం జర్నలిజం కాదు. కానీ దానికి వచ్చిన ప్రతిస్పందన చూడండి. కంటోన్మెంట్ ప్రాంతాల్లో జియో మాయమైంది. మిగతా చోట్ల మొదటి నంబర్లలో ఉన్న ఛానల్ ఎవరూ వెళ్లని చివరి నంబర్లకు పోయింది. జూన్‌లో పెమ్రా పదిహేను రోజులు లైసెన్సు సస్పెండ్ చేసి కోటి రూపాయల జరిమానా వేసింది. గడువు అయిపోయాక కూడా చాలా ఊళ్లలో ఛానల్ రాలేదు. 2018 ఎన్నికల ముందు, ఏప్రిల్‌లో, మళ్లీ దేశంలో ఎక్కువ భాగం జియో కనిపించకుండా పోయింది. ఆపమన్నది ఎవరు? తాము చెప్పలేదని పెమ్రా అంది, తమకు తెలియదని ప్రభుత్వం అంది, ఆపరేటర్లు నోరు విప్పలేదు. సంతకం లేని ఆదేశం మీద కోర్టుకు వెళ్లాలన్నా ఎవరి మీద వెళ్లాలి? 2020లో యజమాని మీర్ షకీలుర్ రెహ్మాన్‌ను పాత భూమి కేసులో అరెస్టు చేసి నెలల పాటు లోపల ఉంచారు. 2022లో కోర్టు ఆయన్ను ఆ కేసులో నిర్దోషిగా తేల్చింది.

ఇదంతా సాధ్యమైంది సైన్యం బలం వల్ల మాత్రమే కాదు. 2014లో జియోను దేశద్రోహి అని అందరికంటే గట్టిగా అరిచింది పోటీ ఛానళ్లే. 2002 తర్వాత పదేళ్లలో ఉర్దూ ఛానళ్లు పదుల సంఖ్యలో పెరిగాయి, వాటి మధ్య ప్రకటనల పోటీ పెరిగింది. జియో పడితే ఆ వాటా తమకొస్తుందనుకున్నారు. ఆ అరుపుల్లో ముందున్న ఏఆర్‌వైకే 2022లో అదే గతి పట్టింది. దాని ప్రసారాలూ ఆగాయి, దానిలో పనిచేసిన జర్నలిస్టు అర్షద్ షరీఫ్ దేశం వదిలి వెళ్లి కెన్యాలో హత్యకు గురయ్యారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2014 జూన్‌లో తెలంగాణలో ఎంఎస్‌ఓలు (వీధి ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థలు) టీవీ9ను, ఏబీఎన్ ఆంధ్రజ్యోతిని ఆపేశారు. ఏబీఎన్ నెలల తరబడి రాలేదు. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఏబీఎన్, టీవీ5 వంతు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే అదే రాష్ట్రంలో సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ కేబుల్‌లో కనిపించడం మానేశాయి. మూడు సార్లూ ప్రభుత్వాలు తమకేం సంబంధం లేదన్నాయి. మూడు సార్లూ నష్టపోయిన ఛానల్‌కు ఎదుటి పక్షం ఛానళ్ల నుంచి మద్దతు రాలేదు. ప్రేక్షకులం మనం కూడా అంతే. మనకు నచ్చని ఛానల్ ఆగితే సోషల్ మీడియాలో పండగ చేసుకున్నాం.

మనకు సైనిక పాలన లేదు, కోర్టులున్నాయి, టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉంది. ఛానల్‌ను తీసేయాలంటే మూడు వారాల ముందు నోటీసు ఇవ్వాలని ట్రాయ్ 2017 నిబంధనలే చెబుతున్నాయి. ఆ నోటీసును జనానికి కనిపించేలా పెట్టించాలి. ఏ ఊళ్లో, ఏ ఆపరేటర్, ఏ కారణంతో ఆపాడో రాతపూర్వకంగా ఉండాలి. కారణం రాయలేని ఆపరేటర్ లైసెన్సు మీద చర్య ఉండాలి. ఇది అడగాల్సింది ఆగిపోయిన ఛానల్ ఒక్కటే కాదు, ఆ రోజు ఇంకా నడుస్తున్న ఛానళ్లు కూడా.