ఉదయగిరి పక్కన 32 కిలోమీటర్ల గుంత

మూడింటికి రివ్యూ. ఉదయగిరి దుర్గం త్రీడీలో తెర మీద గిర్రున తిరగాలన్నది పెద్దసారు కోరిక. అది బయటపడింది మాత్రం పన్నెండు దాటాక. కొత్త ఎలివేషన్ డేటా దించుకుందామంటే ఓటీపీ రాదు, వచ్చేసరికి దానికి కాలం తీరిపోయుంటుంది. ఇక పాత కంప్యూటర్లో ఎవరో దాచిపోయిన ఎస్‌ఆర్‌టీఎం ఫైలే గతి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడారుతో కొలిచిన ఎత్తులవి, అందులోనూ ఖాళీలు పూడ్చని తొలి రకం. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసి, డిగ్రీల బదులు మీటర్లలో లెక్కగట్టే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చి, త్రీడీ నొక్కారు.

కొండ లేదు. బల్లపరుపు నేల, మధ్యలో బిలం.

బిలమంటే అలాంటిలాంటి బిలం కాదు. లోతు 32,768 మీటర్లు. రెండు మరియానా అగాధాల్ని ఒకదాని కింద ఒకటి దించినా ఇంకా పదివేల మీటర్ల పైచిలుకు మిగులుతుంది. సోమశిల గేట్లన్నీ ఎత్తి పెన్నను ఇటు తిప్పినా అడుగు తడిసేదెప్పటికో!

పెద్దసారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఏందబ్బా ఇది? చీమకుర్తిలో గ్రానైట్ తవ్వేవాళ్లు కూడా ఇంత లోతుకి పోలేదే! పర్మిషన్ ఎవురిచ్చారు?" అంటూ గనులాయన వైపు తిరిగారు. ఆయనా తక్కువ తినలేదు, నిజంగానే ఫైళ్లు తిరగేయడం మొదలుపెట్టాడు.

"గుంత కాదు సార్, లెక్క దొరకని చోటు," అన్నారు కంప్యూటర్ ముందున్నవాళ్లు.

"లెక్క దొరక్కుండా తవ్వారా?"

ఇంక ఏం చెప్పాలి? రాడారు పక్కవాటుగా చూస్తుంది. నిట్టనిలువు చరియ వెనక నీడ పడితే అక్కడ కొలత అందదు. అందలేదని గుర్తుగా 16 బిట్ల పూర్ణసంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నదైన -32,768ని అక్కడ రాసిపెట్టారు. దాన్ని 'నోడేటా' అని మనం చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ నిజం ఎత్తనుకుంటుంది. దుర్గం 3,079 అడుగులు, అంటే దాదాపు 940 మీటర్లు. ఆ లోతు పక్కన పెడితే మూడు శాతం కూడా కాదు. కొండ చదునైపోక ఏమవుతుంది?

నోడేటా విలువ రాయగానే గుంత మాయమైంది, అంచున కోరపళ్లు మాత్రం మిగిలాయి. యూటీఎంలోకి మార్చేటప్పుడే బైలీనియర్ పద్ధతి ఆ -32,768ని పక్క గళ్లలోని 400, 500తో కలిపి, -16,000, -9,000 లాంటి ఎత్తుల్ని పుట్టించేసింది. అవి నోడేటా కిందికి రావు. మళ్లీ మొదట్నుంచీ రావాల్సిందే: అసలు ఫైలుకే నోడేటా చెప్పి, 'ఫిల్ నోడేటా'తో ఖాళీ పూడ్చి, ఆ తర్వాతే యూటీఎం. ఈ గొడవెందుకని, ఏదీ కలపకుండా దగ్గరి గడి విలువనే ఎత్తుకునే నియరెస్ట్ నైబర్ పెడితే హిల్‌షేడ్ (కొండ వెలుగునీడల బొమ్మ) నిండా చారలే. పోనీ యూటీఎమ్మే మానేద్దామా అంటే, అడ్డం డిగ్రీల్లో, నిలువు మీటర్లలో ఉండి దుర్గం తెర దాటిపోతుంది.

నిలువు స్కేలు రెండు రెట్లు చేశాక కొండ కొండలా లేచింది. పెద్దసారు అటు తిప్పించారు, ఇటు తిప్పించారు. గనులాయన ఇంకా ఫైల్లోనే ఉన్నాడు.

"బాగుండాది. నలుపు తెలుపులో నాలుగు జిరాక్సులు తీయించి పెట్టు."